పొనికి చెయ్యి, పోనీ అన్న మాట

గుడివాడ నుంచి బెజవాడ వెళ్ళి రావడానికి నాకు రెండు రోజులు పట్టింది. వెళ్ళడం రైల్లో, రావడం జీపులో. ఎడమ పక్క స్టీరింగు ఉన్న బండి కొనాలని ఎవరికైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమని మా వారు సలహా ఇచ్చారు. తగ్గే సూచనలు కనబడడం లేదు గనక ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను గుడివాడలో ఒక చిన్న ఆసుపత్రి నడుపుతున్న డాక్టర్ని. మా వారు హైస్కూల్లో తెలుగు పండితులు. మద్రాసులో చదువుకునే రోజుల్లో మా పెద్ద డాక్టరమ్మగారి కారు మీద నేను డ్రైవింగు నేర్చుకున్నాను, లైసెన్సు కూడా తీసుకున్నాను. అది ఏనాడో గడువు దాటిపోయింది. మా వారికి సైకిలు తొక్కడం కూడా రాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు కావలసి వస్తుంది.

జీపు ఎందుకు కొన్నానంటే నాగయ్య కోసం. పెడన దారిలో ఒక పల్లెలో మగ్గం నేసుకునే మనిషి నాగయ్య. నిరుడు వానాకాలంలో అతని భార్య సుబ్బులుకు తొలికాన్పు కష్టమై నాకు కబురు పెట్టాడు. బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. వచ్చిన బస్సు సగం దారిలో ఆగిపోయింది. అక్కణ్ణించి ఎడ్లబండి. నేను వెళ్ళేసరికి తల్లి దక్కింది గాని బిడ్డ దక్కలేదు. నాగయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. “బస్సు రాకపోతే మీరేం చేస్తారు తల్లీ” అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు సుబ్బులుకు మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి నా బండిలో నేనే వస్తానని వాళ్ళకు మాట ఇచ్చాను.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన బళ్ళలో ఒకటి గవర్నర్‌పేటలో ఒక వ్యాపారి దగ్గర ఉందని తెలిసి ఉత్తరాల మీదే బేరం కుదుర్చుకున్నాం. అది అమెరికా జీపు. ఆ దేశంలో బళ్ళు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయట, అందుకని స్టీరింగు ఎడమ పక్కన పెట్టుకున్నారు. మనవి ఎడమ పక్కన నడుస్తాయి. సైన్యం వెళ్ళిపోయింది, స్టీరింగు మాత్రం తప్పు పక్కనే ఉండిపోయింది. ఇక లైసెన్సు తీసుకోవాలి, బండిని నడుపుకుని ఇంటికి రావాలి. మా వారు రెండు రోజులు సెలవు పెట్టారు.

మాఘమాసం, బుధవారం ఉదయం ఆరుంబావుకు బందరు పాసింజరు ఎక్కాం. మూడో తరగతి. మా ఎదుట బట్టల మూటల మీద కాళ్ళు జాపుకుని ఒక బందరు వర్తకుడు కూర్చున్నాడు. ఎక్కడికి, ఏమిటి అని అడిగి, జీపు సంగతి విని మా వారి వంక భక్తిగా చూశాడు.

“మీరే తోలుకొస్తారా మాస్టారూ? బాగా గుండె ధైర్యమండీ మీకు!”

మా వారు చిరునవ్వు నవ్వి కిటికీలోంచి వరి కోసిన చేలు చూడసాగారు. నేను మోచేత్తో పొడిచాను. “పోనీలెద్దూ, దిగిపోయేవాడితో మనకెందుకు?” అన్నారు మెల్లగా.

ఆయన దగ్గర ఈ పోనీ అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాలవాడు నీళ్ళు కలిపితే పోనీ. చాకలి పంచె చింపితే పోనీ. హెడ్మాస్టరు రావలసిన సెలవు ఇవ్వకపోతే పోనీ. పదకొండేళ్ళ కాపురంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆయన శాంతమూర్తి అని ఊరంతా అంటారు. ఆయన శాంతంగా ఉన్నప్పుడల్లా ఆయన వాటా కోపం కూడా నేనే పడవలసి వస్తుందని ఎవరికీ తెలియదు.

ఎనిమిది దాటాక బెజవాడలో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తిని, కాఫీ తాగి, రిక్షాలో గవర్నర్‌పేట చేరాం. హోల్‌సేలు కొట్ల వెనక ఒక రేకుల షెడ్డులో జీపు ఉంది. ఆకుపచ్చ రంగు, తలుపులు లేవు, పైన గుడ్డ కప్పు. మస్తాను అనే మేస్త్రీ దాన్ని తుడుస్తున్నాడు. తోలేది ఎవరని అడిగాడు. నేనన్నాను. సరేనని తల ఊపి నాకే చూపించడం మొదలుపెట్టాడు. బెజవాడలో ఆ రోజు నాకు కనిపించిన వివేకం గల మనిషి అతనొక్కడే.

“గేరు కుడి చేత్తో వెయ్యాలమ్మగారూ. ఎడం చెయ్యి స్టీరింగు వదలకూడదు. కాళ్ళకి మాత్రం తేడా లేదు, క్లచ్చి, బ్రేకు అన్నీ ఎక్కడివక్కడే.”

వినడానికి తేలికే. కాని నా ఎడమ చెయ్యి గేరు వెయ్యడం నేర్చిన చెయ్యి. ఊరుకోమంటే ఊరుకోలేదు. సందు మొదట్లో రెండో గేరు వెయ్యబోతే అది తనంతట తాను స్టీరింగు వదిలేసి, తలుపు లేని చోట గాలిలోకి పోయి, పక్కన సైకిలు మీద పోతున్న ఒక గుమాస్తా భుజానికి తగిలింది. అతను ఉలిక్కిపడి దిగిపోయాడు. దిగి ఎవరిని తిట్టాడు? నన్ను కాదు. జీపు చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్ళి మా వారిని తిట్టాడు. “ఆడవాళ్ళని అంచున కూచోబెట్టి అంత జోరుగా తోలతారా?” అని.

అది ఆరంభం. ఆ పూటంతా అదే వరస. మన కార్లలో డ్రైవరు కుడి పక్కన ఉంటాడు గనక ఎవరి చూపైనా అటే పోతుంది. అక్కడ పంచె, కండువా, కళ్ళజోడుతో పెద్దమనిషి కనిపిస్తాడు. ఇక భార్య ఎడమ పక్కన ఉండాలని శాస్త్రం. నేను ఎడమ పక్కనే ఉన్నాను. అంతా సవ్యంగా ఉందనుకునేవాళ్ళు గాని, నా ముందు స్టీరింగు ఉందనీ, దాన్ని నా రెండు చేతులూ తిప్పుతున్నాయనీ ఒక్కరి కంటికీ ఆనలేదు. కూడలిలో పోలీసు మా వారికి దారి ఇచ్చాడు. పెట్రోలు పోసినతను కూపన్లు మా వారిని అడిగాడు. పక్క షెడ్డు యజమాని వచ్చి “ఒక్క పూటలో చెయ్యి తిరిగిందండీ మీకు” అని మా వారి భుజం తట్టాడు. మా వారు ఏమన్నారో వేరే చెప్పాలా?

ఇక అసలు చిక్కు రెండోది. ఎడమ పక్క కూర్చుని ఎడమ పక్కనే పోతుంటే, ముందున్న ఎడ్లబండిని దాటవలసి వచ్చినప్పుడు ఎదురు ఏం వస్తోందో కనబడదు. బండి మీది గడ్డి తప్ప మరేమీ కనబడదు. కుడి పక్కనున్నవారు తొంగి చూసి చెప్పాలి. అంటే నా కళ్ళు మా వారి దగ్గర ఉన్నాయన్నమాట. ఏ మాటతో చెప్పాలా అని ఆలోచన వచ్చింది. బస్సు కండక్టర్లలాగా “రైటు” అంటానన్నారు ఆయన. సరేనన్నాను. మొదటిసారి “రైటు” అనగానే నేను కుడికి తిప్పాను. ఒక కొట్టు ముందు పేర్చిన మిరపకాయల బస్తాల దగ్గర బండి ఆగింది.

“చూశావా, పరాయి భాష మాటతో వచ్చిన తంటా ఇది” అన్నారు మా వారు. “తెలుగు మాట ఉండగా మనకెందుకు? జట్కావాడికి చెప్పినట్టు ‘పోనీ’ అంటాను. నువ్వు పోనీ.”

తెలుగు పండితులు చెప్పారు గదా అని ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడం నా తప్పు. ఇంతకు మించి నా తప్పులేమీ ఈ ప్రయాణంలో లేవు.

మధ్యాహ్నం రెండున్నరకు లైసెన్సులిచ్చే ఇనస్పెక్టరు వచ్చారు. మంచి ఖాకీ, చేతిలో ఫారాలు. సరాసరి మా వారి దగ్గరకు వెళ్ళి “పేరు?” అన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం బడిపంతుళ్ళకు అలవాటు. మా వారు తమ పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, ఊరు చెప్పారు. ఇనస్పెక్టరుగారు అన్నీ రాసుకున్నారు. నేను ఫారం అందుకుని రెండు ముక్కలు చేశాను.

“పరీక్ష నాకండీ” అన్నాను.

ఆయన నన్ను చూశారు, మా వారిని చూశారు. మా వారు నేల చూశారు. పరీక్ష చేసే మనిషి ఎడమ పక్క కూర్చోవడం ఆనవాయితీ గనక ఆయన ఎడమ పక్కకు వచ్చి, “కొంచెం వెనక్కి వెళ్ళి కూర్చోండమ్మా” అన్నారు. స్టీరింగు చూపించాను. అప్పుడు గొణుక్కుంటూ కుడి పక్క ఎక్కారు. ఏలూరు కాలవ వంతెన ఎక్కించారు, దింపించారు, స్టేషను దాకా పోయి వెనక్కి తిప్పించారు. ఎక్కడా బండి ఆగలేదు. గేరు ఒక్కసారి కిర్రుమంది, అంతే. దిగాక ఆయన మొహంలో ఏదో పోగొట్టుకున్నవాడి దిగులు కనిపించింది. కాసేపు ఆలోచించి వెతికి పట్టుకున్నారు.

“డ్రైవింగు సరేనమ్మా. చెయ్యి చూపించడం ఎట్లా? కుడి చెయ్యి బయట పెట్టి చూపాలి గదా. మీ కుడి పక్క మీ ఆయన ఉన్నారు. ఎడం స్టీరింగు బండికి సిగ్నలు పరికరం ఉండాలని రూలు. అది పెట్టించి తెండి.”

“ఎప్పటికండీ?”

“రేపు పన్నెండింటి లోపల. ఆ తరవాత క్యాంపుకెళ్తున్నా. మళ్ళీ పది రోజులకి గాని రాను.”

పది రోజులు! సుబ్బులు కాన్పు పది రోజులు ఆగుతుందా? ఆ మాటే అన్నాను. రూలు రూలేనన్నారు. అమ్మేటప్పుడు లేని రూలు, కొనేటప్పుడు లేని రూలు, ఆడమనిషి బండి తిన్నగా నడిపేసరికి పుట్టుకొచ్చిందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. మా వారు నోరు తెరవబోయారు. “ఆ మాట అన్నారంటే ఊరుకోను” అన్నాను. మూసుకున్నారు.

మస్తాను బజారంతా తిరిగి వచ్చాడు. అలాంటి పరికరం బెజవాడలో దొరకలేదు, మద్రాసు నుంచి తెప్పించాలట. తల గోక్కుని, “చెయ్యి అడిగారు గదమ్మా ఆయన. చెయ్యే పెడదాం. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళున్నారు, కొయ్యతో చెయ్యి చెయ్యలేరా?” అన్నాడు. కొక్కెం, తాడు తాను చూసుకుంటానన్నాడు.

ఆ రాత్రి గవర్నర్‌పేట లాడ్జిలో గది రెండు రూపాయలు. రిజిస్టరులో మా వారి పేరు రాసుకుని, నా పేరు అడగకుండా “భార్య” అని రాశారు. నల్లుల సంగతి రాయను. గురువారం ఉదయం ఆరున్నర పాసింజరుకు బయలుదేరి ఏడుంబావుకు కొండపల్లిలో దిగాం. బొమ్మల వీధిలో వీరయ్య అనే పెద్దాయన వాకిట్లో కూర్చుని ఏనుగు అంబారీ చెక్కుతున్నాడు. పని చెప్పాం. ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

“ఆడ చెయ్యాండీ, మగ చెయ్యాండీ?”

“చెయ్యి చెయ్యేగా. ఏదో ఒకటి, పోనీ” అన్నారు మా వారు.

“అట్లా కుదరదండీ. చెయ్యి ఎవరిదో తెలియకపోతే ఉలి ఎక్కడ పెట్టను? దణ్ణం పెట్టే చెయ్యి వేరు, దంచే చెయ్యి వేరు.”

“ఆడ చెయ్యి” అన్నాను నేను. “గాజులు కూడా వెయ్యండి.”

అయితే చెయ్యి చాపమన్నాడు. నా కుడి చెయ్యి మోచేతి నుంచి వేలి కొస దాకా దారంతో కొలుచుకున్నాడు. బెజవాడ మొత్తం చూడని చేతిని ఆ పెద్దాయన తిప్పి తిప్పి చూశాడు. పొనికి చెక్క తీసుకుని కూర్చున్నాడు. ఆ కొండల్లో దొరికే తేలిక చెక్క అది, ఎత్తితే చేతిలో ఉన్నట్టే ఉండదు. తొమ్మిది దాటేసరికి మోచేతి దాకా చెయ్యి తయారైంది. గోధుమ రంగు మీద ఆరు ఆకుపచ్చ గాజులు. “గాజులింకా పచ్చిగున్నయ్యమ్మా, ముట్టుకోనివ్వకండి” అని చెప్పి, గుడ్డలో చుట్టి పసిబిడ్డను ఇచ్చినట్టు ఇచ్చాడు.

తిరుగు రైలు అరగంట ఆలస్యం. పదకొండు దాటాక షెడ్డుకు చేరాం. మస్తాను ముందు అద్దం చట్రానికి కుడి పక్క కొక్కెం బిగించి, తాడు నా దగ్గరకు తెచ్చాడు. తాడు లాగితే చెయ్యి లేస్తుంది, వదిలితే వాలుతుంది. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఇనస్పెక్టరుగారి ముందు లాగి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

“గాజులెందుకమ్మా?”

“రూల్లో గాజులుండకూడదని ఉందాండీ?”

ఆయన నిజంగానే పుస్తకం తీసి చూశారు! లేదు. గాజు మీద వేలు పెట్టి నొక్కి చూశారు. వేలికి ఆకుపచ్చ రంగు అంటుకుంది. ఆ వేలితోనే నా లైసెన్సు మీద సంతకం చేశారు. ఆ మరక ఇప్పటికీ నా లైసెన్సు మీద ఉంది, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు.

హోటల్లో భోజనం చేశాం. బియ్యం రేషను రోజులు గనక రెండోసారి అన్నం అడిగితే వడ్డించేవాడు వినబడనట్టు పోయాడు. ఒంటిగంటకు బందరు రోడ్డెక్కాం. కుడి పక్క కాలవ, ఎడమ పక్క చేలు. తీరిగ్గా పోతే ప్రయాణం బాగానే ఉంటుంది. నా ఎడమ చెయ్యి రెండుసార్లు గాలిలోకి పోబోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. మా వారు మాట ప్రకారం తొంగి చూసి “పోనీ” అనేవారు, నేను బళ్ళను దాటేదాన్ని. కంకిపాడు దాకా ఐదు బళ్ళు దాటాం.

కంకిపాడులో రెండుంబావుకు సోడా తాగుదామని ఆగాం. అక్కడ చెట్టు కింద లారీ ఆపుకున్న డ్రైవరు ఒకడు మా కొయ్య చేతిని చూశాడు. కుడి పక్కన ఉంది, మా వారి పక్కనే ఉంది. ఇంకేం కావాలి?

“ఏం మాస్టారూ, గాజులు తొడుక్కుని తోలుతున్నారా బండి?”

సోడా కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. మా వారూ నవ్వారు! నేను సోడా తాగకుండానే బండి తీశాను.

అక్కణ్ణించి ఉయ్యూరు దాకా చెరకు బళ్ళే. చక్కెర మిల్లుకు వరసగా పోతున్నాయి. ఒక బండి వెనక నత్తలాగా పోతూ నేను ఊరుకోలేకపోయాను. “వాడు అంత మాటంటే మీరు పళ్ళికిలిస్తారా? రైల్లో వాడు పొగిడితే నవ్వారు, గుమాస్తా తిడితే నవ్వారు, లారీవాడు ఎగతాళి చేస్తే నవ్వారు. తోలేది నా భార్య అని నాలుగు మాటలు చెప్పడానికి మీకు నోరు రాదా? రెండు రోజుల్లో ఒక్కసారి, ఒక్కరికి చెప్పారా?”

“పోనీ!” అన్నారు ఆయన.

నేను కుడికి తీసి ముందుకు పోనిచ్చాను.

ఎదురుగా బస్సు. హారను మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎడమకు తిరగడానికి చెరకు బండి అడ్డం. కుడికి తిప్పేశాను. జీపు రోడ్డు దిగింది, గట్టు మీద తుమ్మచెట్టును రాసుకుంది, టకామని ఏదో విరిగింది. ముందు చక్రాలు కాలవ వాలులోకి దిగి బండి ఆగిపోయింది. బస్సు ఆగకుండా పోయింది. నీళ్ళు నాలుగు బారల దూరంలో ఉన్నాయి.

ఇద్దరికీ దెబ్బలు లేవు. నా చేతులు స్టీరింగు వదలనన్నాయి. ఆ క్షణాన నాకు నేను గుర్తు రాలేదు, ఈయనా గుర్తు రాలేదు. సుబ్బులు గుర్తొచ్చింది. ఆ కాలవలో మునిగి ఉంటే ఈసారి ఆలస్యంగా కూడా వెళ్ళేదాన్ని కాదు గదా అనిపించి ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది.

“పోనీ అన్నారు గదండీ!”

“నేనన్నది ఆ పోనీ కాదు” అన్నారు. “వాడు అన్నదానికి... ఆ సంగతి పోనీ అన్నాను.”

“పండితులు గదా! ఆ మాటకు రెండర్థాలున్నాయని నిన్న తెలియదూ? మీరు ప్రతిదాన్నీ పోనీ పోనీ అంటూనే ఉంటారు. నాకు ఏది బండికి చెప్పిందో, ఏది బతుక్కి చెప్పిందో ఎట్లా తెలుస్తుంది?”

చెరకు బండి రైతు బండి ఆపి, ఎడ్లు విప్పుకుని వచ్చాడు. జీపు వెనక మోకు కట్టి పైకి లాగించాడు. ఆ తరవాత చుట్టూ తిరిగి చూసి నోరెళ్ళబెట్టాడు.

“ఇదేంటండీ, స్టీరింగు ఇటేపుంది? దాపటెద్దుని వలపట కట్టినట్టుందే!”

దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. కాడికి ఎడమ పక్క అలవాటైన ఎద్దును కుడి పక్క కడితే నడవదు. రైతు తన ఎడ్లలో ఒకదాని వీపు నిమిరాడు.

“ఇది నాలుగేళ్ళు దాపటే లాగిందండీ. నిరుడు జోడీది పోతే వలపటకి మార్చా. రోడ్డు మీద పొమ్మంటే చేలోకి దిగిపోయేది. కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు బండెక్కకుండా దాని పక్కనే నడిచా. అప్పటికి సర్దుకుంది.” అని మా వారి వైపు తిరిగి, “తమరు కాస్త చూసుకుని తోలాలండీ మాస్టారూ, పక్కన ఆడమనిషిని పెట్టుకుని” అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. వినబడబోయే మాట నాకు తెలుసు. అది వినబడలేదు.

“తోలేది నేను కాదయ్యా” అన్నారు మా వారు. గొంతు బడిలో పద్యం చెప్పేటప్పటి గొంతు. “ఆవిడ తోలుతోంది. నాకు తోలడం రాదు. తప్పు మాత్రం నాదే, చూసి చెప్పవలసినవాణ్ణి సరిగ్గా చెప్పలేదు.”

రైతు నన్ను మొదటిసారి చూశాడు. స్టీరింగు మీద నా చేతులు చూశాడు. “అట్టాగా తల్లీ” అని తలగుడ్డ సర్దుకున్నాడు. చెక్కలా బిగుసుకుని ఉన్న నా వేళ్ళు అప్పుడు స్టీరింగు వదిలాయి.

కొయ్య చెయ్యి కొక్కెం దగ్గర విరిగి గడ్డిలో పడి ఉంది. గాజులు మాత్రం చెక్కుచెదరలేదు. మా వారు వెళ్ళి దాన్ని తీసుకొచ్చి, ఎక్కి కుడి పక్క కూర్చున్నారు. ఇక మీదట బళ్ళో పోనీ అనకూడదని ఒప్పందం చేసుకున్నాం. దారి ఉంటే “దారుంది”, లేకపోతే “ఆగు”. మూడో మాట లేదు.

ఉయ్యూరు దాటాం. చెయ్యి చూపవలసి వచ్చినప్పుడల్లా మా వారు ఆ కొయ్య చేతిని తమ చేత్తో పట్టుకుని బయటకు చాపేవారు. పామర్రులో నాలుగున్నరకు టీ తాగి గుడివాడ వైపు ఎడమకు తిరిగాం. ఎడమకు తిరగాలంటే కుడి చేతిని బయట గుండ్రంగా తిప్పాలి. గాజుల చేతిని ఆయన హారతి ఇచ్చినట్టు తిప్పారు. కూడలిలో జనం నవ్వారు. “నవ్వుతున్నారు చూడండి” అన్నాను. “బండి నడిపేది మా ఆవిడండీ!” అని ఆయన కూడలి మొత్తానికి వినబడేట్టు అరిచారు. ఎవరూ అడగలేదు పాపం. మరీ అంత అక్కర్లేదన్నాను.

ఐదున్నరకు ఆసుపత్రి ముందు ఆగాం. మెట్ల మీద నాగయ్య కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి సుబ్బులుకు నొప్పులట. బండి చూడగానే లేచి, చేతులు జోడించి, కుడి పక్కకు పరుగెత్తాడు.

“మాస్టారూ, కాస్త అమ్మగారిని మీరు తీసుకొస్తారాండీ?”

నాకు ఒళ్ళు మండింది. కాని నేను నోరు విప్పవలసిన అవసరం రాలేదు.

“నేను తీసుకురావడం కాదు నాగయ్యా” అన్నారు మా వారు. “ఆవిడే నన్ను తీసుకొస్తుంది. నువ్వు వెనకెక్కు.”

సంచీ తెచ్చుకుని బండి తిప్పాను. ఎడమ స్టీరింగు బండి కొనేవారికి నేను చెప్పేది ఇంతే. చేతులు రెండు రోజుల్లో అలవాటు పడతాయి. కళ్ళు అలవాటు పడవు, పక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషి నోటి వెంట ఏ మాట వస్తుందో ముందే తేల్చుకోండి. ఇక ఊళ్ళో వాళ్ళ కళ్ళు అలవాటు పడడం మాత్రం నా వశంలో లేదు, అందుకు వాళ్ళను నేను క్షమించబోవడమూ లేదు.

పెడన రోడ్డు మీద గడ్డిబండి ఒకటి అడ్డం వచ్చింది. మా వారు నడుం దాకా బయటకు వంగి చూశారు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశారు. “దారుంది” అన్నారు. కుడి చేత్తో గేరు వేశాను. ఎడమ చెయ్యి కదలలేదు.

వాళ్ళ వాకిట్లో దిగేసరికి ఆరుంబావు. కాన్పు ఏడు దాటాక అయింది, ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది. ఈసారి ఆలస్యంగా వచ్చింది నేను కాదు, ఆ పిల్ల.